ఆదివారం తర్వాత ఆరు రోజులు

ఏటా డిసెంబర్ 31 రాత్రి మన తెలుగు చర్చిల్లో కనిపించే దృశ్యం ఒకటుంది. పన్నెండు కొట్టేదాకా పాటలు, ప్రార్థనలు సాగుతాయి. కొత్త సంవత్సరం అడుగుపెట్టగానే ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు. ఆ తర్వాత బల్ల మీది పళ్లెంలోంచి విశ్వాసులు ఒక్కొక్కరుగా వాగ్దానపు కార్డు తీసుకుంటారు. వాటిలో చాలామంది ఆశించే కార్డు ఒకటి ఉంది. అది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు మన విషయంలో తలపెట్టినవి హానికరమైనవి కావనీ, మనకు సమాధానాన్నీ నిరీక్షణతో కూడిన భవిష్యత్తునూ ఇవ్వడమే ఆయన ఉద్దేశమనీ చెప్పే వచనమది. ఆ కార్డు ఎవరికి వస్తే వారి ముఖం వెలిగిపోతుంది. మరునాటికి అది బీరువా తలుపు మీదికో, ఆటో అద్దం మీదికో, దుకాణంలో గల్లాపెట్టె పైకో చేరుతుంది.

మంచిదే. దేవుని మాట కళ్లెదుట ఉండటం కన్నా మంచి సంగతి ఏముంటుంది? కాని సంక్రాంతి వెళ్లి, పరీక్షలొచ్చి, ఎండలు ముదిరేసరికి చాలామంది ఆ కార్డు వైపు దిగులుగా చూడటం మొదలుపెడతారు. కొడుక్కి ఉద్యోగం రాలేదు. కూతురి సంబంధం కుదరలేదు. అప్పు తీరలేదు. మంచంపట్టిన అత్తగారు లేవలేదు. 'వాగ్దానం నాకే వచ్చింది కదయ్యగారూ, మరి నా బతుకులో ఏమీ మారలేదేం? నా విశ్వాసంలోనే లోపముందా?' అని అడిగే విశ్వాసులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. కొందరు పైకి అడుగుతారు. ఎక్కువమంది అడగకుండానే నెమ్మదిగా చర్చికి రావడం మానేస్తారు. సంఘానికి ఇది చిన్న విషయం కాదు. ఒక ఆత్మ నిరుత్సాహంతో దూరమైపోవడం కన్నా పెద్ద నష్టం సంఘానికి మరొకటి లేదు.

వారికి చెప్పాల్సిన మొదటి సంగతి ఇది. ఆ పదకొండో వచనం ఒంటరి వచనం కాదు, ఒక ఉత్తరంలోని వాక్యం. ఆ ఉత్తరం ఎవరికి, ఎప్పుడు, ఎందుకు రాశారో తెలిస్తేనే ఆ వాగ్దానం బరువు తెలుస్తుంది. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని రాజును, రాజమాతను, అధికారులను, కంసాలులను, శిల్పకారులను చెరపట్టి తీసుకెళ్లాడు. అలా పరాయి దేశంలో పడిన వారికి యెరూషలేములో ఉండిపోయిన యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరమే యిర్మీయా 29వ అధ్యాయం. ఇల్లు పోయింది, పొలం పోయింది, దేవాలయం దూరమైపోయింది. చుట్టూ తెలియని భాష, తెలియని దేవుళ్లు. 'రేపే తిరిగి వెళ్లిపోతాం, ఎల్లుండే వెళ్లిపోతాం' అంటూ మూటలు విప్పకుండా కూర్చున్న జనం వాళ్లు.

వాళ్ల చెవులకు ఇంపైన మాట చెప్పే ప్రవక్త కూడా ఒకడున్నాడు. అతని పేరు హనన్యా. దేవాలయంలో యాజకుల ఎదుట, ప్రజలందరి ఎదుట నిలబడి, రెండేళ్లలోపే బబులోను కాడి విరిగిపోతుందనీ, చెరపట్టబడిన వాళ్లందరూ తిరిగి వచ్చేస్తారనీ ప్రకటించాడు. మాటతో ఆగలేదు. యిర్మీయా మెడ మీదున్న కాడిని లాగి అందరూ చూస్తుండగా విరగ్గొట్టాడు కూడా (యిర్మీయా 28:1-11). ఆ ప్రసంగానికి ఎన్ని చప్పట్లు పడి ఉంటాయో, ఎన్ని 'ఆమెన్‌'లు వినిపించి ఉంటాయో ఊహించుకోవచ్చు! కాని ఆ మాట దేవునిది కాదు. దేవుడు యిర్మీయా ద్వారా చెప్పిన లెక్క రెండేళ్లు కాదు, డెబ్బై ఏళ్లు (29:10).

డెబ్బై ఏళ్లంటే అర్థమేమిటి? ఆ ఉత్తరం చదివిన నలభై ఏళ్ల మనిషి తన ఊరిని మళ్లీ కళ్లారా చూడడు. చూసేది అతని మనవలు. అలాంటి మనిషికి దేవుడు ఏం చెయ్యమన్నాడు? ఇళ్లు కట్టుకుని కాపురముండమన్నాడు. తోటలు వేసి వాటి ఫలాలు తినమన్నాడు. పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, వారికీ పెళ్లిళ్లు చెయ్యమన్నాడు. తాము చెరలో ఉన్న ఆ పట్టణం క్షేమంకోసమే పాటుపడి ప్రార్థించమన్నాడు. దాని క్షేమంలోనే వారి క్షేమం ఉందన్నాడు (29:5-7). ఇవి మన వాగ్దానపు కార్డుల మీద సాధారణంగా కనిపించని వచనాలు. కాని పదకొండో వచనానికి పునాది ఇవే. నిరీక్షణతో కూడిన భవిష్యత్తు ఎక్కడినుంచో ఊడిపడదు. ఈ రోజు కట్టే గోడలో, ఈ రోజు నాటే మొక్కలో, ఈ రోజు చేసే ప్రార్థనలో అది మొదలవుతుందని దేవుడు వాళ్లకు చెప్పాడు. వాళ్లు మూటలు విప్పడమే విశ్వాసమైంది!

ఆ చెరలో యువకుడిగా అడుగుపెట్టిన దానియేలు ఈ ఉత్తరాన్ని బతికి చూపించాడు. రాజులు మారారు, సామ్రాజ్యమే మారింది. ఆయన మాత్రం పరాయి ప్రభుత్వ కొలువులో తలవంచుకుని పనిచేశాడు. ఆయన మీద నేరం మోపాలని తోటి అధికారులు ఎంత వెతికినా పనిలో ఏ తప్పూ, ఏ నిర్లక్ష్యమూ దొరకలేదని గ్రంథం చెబుతోంది (దానియేలు 6:4). అదే మనిషి రోజుకు మూడుసార్లు ఇంట్లో మోకరించి ప్రార్థించేవాడు (6:10). సింహాల గుహ అద్భుతం మనందరికీ తెలుసు. కాని అది ఒక్క రాత్రి సంగతి. దాని వెనక దశాబ్దాల తరబడి లోపంలేని ఉద్యోగమూ, దశాబ్దాల తరబడి ఆగని ప్రార్థనా ఉన్నాయి. సింహాల నోళ్లు మూయించిన దేవుడే అన్నేళ్లూ ఆయన్ని ఆ కొలువులో నిలబెట్టాడు.

దేవుడు అద్భుతాలు చెయ్యడా? తప్పక చేస్తాడు. అది మన విశ్వాసం. కాని అద్భుతం జరిగిన రోజునే దేవుడు ఉన్నాడనీ, జరగని రోజున లేడనీ అనుకుంటే అది క్రైస్తవ విశ్వాసం కాదు. ఇశ్రాయేలీయులకు అరణ్యంలో నలభై ఏళ్లు మన్నా కురిసింది. ఏ రోజుది ఆ రోజే. రేపటికని దాచుకుంటే పురుగులు పట్టేది (నిర్గమకాండము 16:19-20). వాళ్లు కనానులో అడుగుపెట్టి గిల్గాలు దగ్గర పస్కా ఆచరించి, ఆ నేల మీద పండిన ధాన్యం తిన్న మరునాడే మన్నా ఆగిపోయింది (యెహోషువ 5:10-12). ఆ ఉదయం ఎవరైనా తలుపు తీసి చూసి, నేల మీద మన్నా లేదని 'దేవుడు మనల్ని విడిచిపెట్టాడు' అని ఏడ్చి ఉంటే ఎంత పొరపాటు! మన్నా ఆగింది కాని దేవుడు ఇవ్వడం ఆగలేదు. నిన్నటిదాకా ఆకాశంనుంచి ఇచ్చినవాడే ఇవాళ పొలంలోంచి ఇస్తున్నాడు. దున్ని, విత్తి, కోసి, నూర్చి తెచ్చుకున్న గింజ కూడా మన్నా అంత పవిత్రమైనదే. నెలాఖరుకు చేతికొచ్చే జీతం, మేస్త్రి లెక్కకట్టి ఇచ్చే కూలి, డ్వాక్రా గ్రూపులో కట్టిన పొదుపు కూడా ఆయన చేతినుంచి వచ్చినవే. వాటిని అందుకుని కృతజ్ఞత చెప్పడం మరిచిపోయిన నోరు, అద్భుతం వస్తే మాత్రం ఎన్నాళ్లు స్తుతిస్తుంది?

ప్రభువు ప్రార్థనలో మనం రోజూ అడిగే అనుదినాహారం గురించి మార్టిన్ లూథర్ 1529లో వెలువరించిన చిన్న కాటకిజంలో ఇచ్చిన వివరణ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆహారమంటే కంచంలోని రొట్టె ఒక్కటే కాదంటాడు ఆయన. తిండి, బట్ట, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి భార్య లేక భర్త, మంచి పిల్లలు, మంచి పాలన, మంచి వాతావరణం, ఆరోగ్యం, నమ్మదగిన స్నేహితులు, మంచి ఇరుగుపొరుగు ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయంటాడు. అంటే సమయానికి కురిసిన వాన, రాత్రిపూట జ్వరమొచ్చిన బిడ్డను బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లిన పక్కింటి కుర్రాడు కూడా మన ప్రార్థనకు దేవుడిచ్చిన జవాబులే. జవాబులు రావడం లేదని బాధపడేవాళ్లు ఒక్కసారి ఆ జాబితా ముందు పెట్టుకుని తమ దినాన్ని లెక్కించుకుంటే ఆశ్చర్యపోతారు.

మన రక్షకుని జీవితాన్నే చూడండి. యేసు ప్రభువు పరిచర్య మొదలుపెట్టేనాటికి ఆయనకు దాదాపు ముప్పై ఏళ్లని లూకా రాశాడు (3:23). పరిచర్య చేసింది సుమారు మూడున్నరేళ్లు. అంటే లోకరక్షకుడు ఈ భూమి మీద గడిపిన కాలంలో ఎక్కువ భాగం నజరేతు అనే చిన్న పల్లెలో, వడ్రంగి పనిలో గడిచిపోయింది. ఊరివాళ్లు ఆయన్ని వడ్రంగి అనే ఎరుగుదురు (మార్కు 6:3). చేతికి గీసుకుపోయిన కొయ్యపేళ్లు, కాడి నునుపుగా లేదంటూ వెనక్కి తెచ్చిన రైతు, సమయానికి అందని డబ్బులు... ఒక పల్లె వడ్రంగి ఎరిగిన కష్టాలివి. అవి ఆయన ఎరగనివి అనుకోవడానికి వీల్లేదు. ఆ ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క అద్భుతమైనా చేసినట్లు సువార్తల్లో లేదు. అయినా యొర్దానులో బాప్తిస్మం పొంది బయటికి వచ్చినప్పుడు తండ్రి స్వరం ఆకాశంనుంచి వినిపించింది. తన ప్రియకుమారుడంటే తనకెంతో ఆనందమని తండ్రి సాక్ష్యమిచ్చాడు (లూకా 3:22). గమనించండి. అప్పటికి ఆయన ఒక్క రోగినీ బాగుచెయ్యలేదు, ఒక్క ప్రసంగమూ చెయ్యలేదు. తండ్రి ఆనందించినది నజరేతు కుమారుణ్ని! ఎవరూ చూడని పనిలో, ఎవరూ పొగడని విధేయతలో గడిచిన ఏళ్లు దేవుని దృష్టిలో వృథా ఏళ్లు కావని చెప్పడానికి ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఎక్కడుంది?

అయినా అనుదిన జీవితంలో అలసిపోయే రోజులుంటాయి. ఏలీయా అంతటి వాడికే తప్పలేదు. కర్మెలు పర్వతం మీద అగ్ని దిగివచ్చిన తర్వాత, యెజెబెలు బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూలబడి, తన ప్రాణం తీసుకోమని దేవుణ్ని అడిగాడు (1 రాజులు 19:1-4). అంత పెద్ద విజయం తర్వాత అంత లోతైన నిస్పృహ! అప్పుడు దేవుడేం చేశాడు? 'నీ విశ్వాసమేమైంది?' అని గద్దించలేదు. దీర్ఘ ప్రసంగం చెయ్యలేదు. పడుకోనిచ్చాడు. దూత చేత తట్టి లేపించి నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండెడు నీళ్లు ముందుంచాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి, ప్రయాణం దూరమని చెప్పి మళ్లీ తినిపించాడు (19:5-8). తర్వాతే హోరేబు. అక్కడ కూడా పెనుగాలిలో, భూకంపంలో, మంటలో కాక మెల్లని స్వరంలో ఆయనతో మాట్లాడాడు. మాట్లాడి, చెయ్యాల్సిన పని అప్పగించి, అతను ఒంటరి కాడని చెప్పాడు.

మన సంఘాల్లో మనసు కుంగిపోయినవారితో మనం వ్యవహరించే తీరు ఇందుకు ఎంత దూరంగా ఉంది! నిద్రపట్టని తల్లిని, పరీక్షలో తప్పి గదిలో తలుపేసుకున్న కుర్రాణ్ని, అప్పులతో చావు మాటలు మాట్లాడే రైతును 'ప్రార్థన చాలడం లేదు' అని దోషిగా నిలబెడితే వాళ్లు ఎక్కడికి పోతారు? దేవుడు ఏలీయాకు ముందు అన్నం పెట్టాడు, నిద్ర ఇచ్చాడు. మనమూ ముందు అన్నం పెట్టాలి, పక్కన కూర్చోవాలి. అవసరమైతే డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లాలి. చావు మాట విన్నప్పుడు వాళ్లను ఒంటరిగా విడిచిపెట్టకూడదు. మందు మింగడం అవిశ్వాసం కాదు. లూకా వైద్యుడని పౌలే ప్రేమగా రాశాడు కదా (కొలొస్స 4:14)! మందులు మానేసి విశ్వాసం నిరూపించుకోమని చెప్పే బోధ ఎక్కడ వినిపించినా అది హనన్యా బోధే. కాడి విరిచినట్లు కనిపిస్తుంది కాని జనం మెడకు ఇంకా బరువైన కాడిని తగిలిస్తుంది.

విశ్వాసం అనుదిన పనిలో ఎలా వేళ్లూనుతుందో తెలుసుకోవాలంటే మన ఒంగోలు చరిత్ర చాలు. 1876-78 మధ్య దక్షిణ భారతాన్ని ఘోరమైన కరవు పట్టి పీడించింది. ఒంగోలులో బాప్తిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ ఆకలితో చనిపోతున్నవాళ్లకు పని చూపించాలని, బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయనకు అంతకుముందే సర్వే పనిలో అనుభవముంది. వేలమంది ఆ పనికి వచ్చారు. వాళ్లలో చాలామంది మాదిగలు, తరతరాలుగా అంటరానితనాన్ని భరించినవారు. తోలుపనికి అలవాటుపడిన చేతులు పలుగూ పారా పట్టాయి. సంఘంలోని బోధకులే అక్కడ మేస్త్రులై పని చేయించారు. పని ఆగిన వేళ వాళ్లే కూలీల మధ్య కూర్చుని ప్రభువు గురించి చెప్పారు. ప్రయాసపడి భారం మోసేవారిని తన దగ్గరికి రమ్మన్న ప్రభువు పిలుపు (మత్తయి 11:28) తల మీద మట్టితట్ట ఉన్నవాడి చెవికి ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి!

కరవు సాయం నడుస్తున్నంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. తిండికోసం మతంలో కలిశారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గరి వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషన్ చరిత్రలో అందరూ చెప్పుకునేది ఆ రోజునే. కాని ఆ రోజు వెనక కాలువగట్టున గడిచిన ఎన్నో మామూలు రోజులున్నాయి. సకాలంలో ఇచ్చిన కూలి ఉంది. మనిషిని మనిషిగా చూసిన మేస్త్రి ఉన్నాడు. మధ్యాహ్నపు నీడలో చెప్పిన చిన్న మాట ఉంది. ఆ కూలీలు సువార్తను ముందు పని జరిగేచోట చూశారు. తర్వాతే నదిలోకి దిగారు. ఈనాటి మన తెలుగు సంఘాల్లో ఎన్నో ఆ కాలువ మట్టిలోంచి పుట్టినవే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అనుదిన జీవితంలో దేవుడున్నాడని చెప్పడమంటే, ఎంత అన్యాయం జరిగినా నోరు మూసుకుని భరించమని చెప్పడం కాదు. తాగొచ్చి కొట్టే భర్త చేతిలో నలిగిపోతున్న స్త్రీకి 'ఓర్చుకోమ్మా, నీ సిలువ అది' అని చెప్పడం ఆదరణ కాదు, ఆమెను రెండోసారి కొట్టడం. కోత కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందనీ, ఆ మొర దేవుని చెవిన పడుతుందనీ యాకోబు రాశాడు (5:4). పనివారికి న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వమని పౌలు యజమానులకు రాశాడు (కొలొస్స 4:1). ఆదివారం కానుక సంచిలో పెద్దనోటు వేసి, సోమవారం ఇంటి పనిమనిషి జీతంలో కోతపెట్టే విశ్వాసి ముందు ఆ కోసిన డబ్బు తిరిగి ఇవ్వాలి. చెరలో ఉన్న పట్టణం క్షేమం కోరమన్న దేవుడు మన వీధి క్షేమాన్ని, మన దగ్గర పనిచేసేవారి క్షేమాన్ని కూడా అడుగుతాడు. మన ఇంట్లో వంట, వార్పు, ముసలివాళ్ల సేవ అంతా ఒక్క స్త్రీ మీదే పడేసి, 'ఆమెకు గొప్ప పరిచర్య' అని పొగడటం కూడా న్యాయం కాదు. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరాన తానే నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రాత్రంతా వలలు లాగి అలసిన శిష్యుల్ని భోజనానికి పిలిచాడు (యోహాను 21:9-13). మరణాన్ని జయించిన చేతులకు వంటపని తక్కువ కాలేదు. మన ఇళ్లలో మగవాళ్ల చేతులకు ఎందుకు తక్కువవుతుంది?

ఇక ప్రోత్సాహం సంగతి. కుప్ర దేశస్థుడైన యోసేపుకు అపొస్తలులు బర్నబా అని పేరుపెట్టారు. దానికి మన తెలుగు బైబిలు 'హెచ్చరిక పుత్రుడు' అని అర్థం చెప్పింది (అపొ.కార్యములు 4:36). ఇప్పుడు మన వాడుకలో హెచ్చరిక అంటే ప్రమాదం గురించి జాగ్రత్తపరచడం. కాని అక్కడ గ్రీకులో ఉన్న మాటకు ధైర్యం చెప్పడం, ఓదార్చడం, ముందుకు నడిపించడం అనే అర్థాలున్నాయి. పరిశుద్ధాత్మను ప్రభువు ఆదరణకర్త అని పిలిచిన మాటా (యోహాను 14:16) ఆ కుటుంబంలోదే. అంటే ఒక మనిషిని ప్రోత్సహించేవాడు పరిశుద్ధాత్మ చేసే పనిలో చెయ్యి వేస్తున్నాడన్నమాట. బర్నబా ఏం చేశాడు? సంఘమంతా అనుమానించిన సౌలును చెయ్యిపట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు (9:26-27). తర్వాత తార్సు దాకా వెతుక్కుంటూ వెళ్లి అతన్ని అంతియొకయకు తెచ్చాడు (11:25-26). దారిలో వదిలేసి వెళ్లిన మార్కుకు మరో అవకాశమిచ్చాడు (15:37-39). ఆ మార్కు పేరుతోనే ఈరోజు మన చేతుల్లో సువార్త ఉంది. బర్నబా రాసిన పత్రిక ఒక్కటీ కొత్త నిబంధనలో లేదు. కాని ఆయన ఎత్తి నిలబెట్టిన మనుషులు లేకుండా ఆ నిబంధనలో ఎన్ని పేజీలు మిగులుతాయి?

అలాంటి బర్నబాలు మన సంఘాలకు కావాలి. అందుకు వేదికలు, మైకులు అక్కర్లేదు. రెండు వారాలుగా కనిపించని కుటుంబం తలుపు తట్టడం, కువైట్‌లో ఇంటిపని చేసుకుంటూ ఒంటరిగా ప్రార్థించుకునే గోదావరి జిల్లాల చెల్లెలికి వారానికోసారి ఫోన్ చెయ్యడం, వారంలో మూడుసార్లు భర్తను డయాలసిస్‌కు తీసుకెళ్లే సోదరికి ఒక పూట తోడు వెళ్లడం చాలు. తెల్లవారగానే వాట్సాప్‌లో వందమందికి వాక్యపు బొమ్మలు పంపడం తప్పని అనడం లేదు. కాని ఆ వందమందిలో ఒక్కరి గుమ్మం తొక్కితే ఆ వాక్యానికి కాళ్లొస్తాయి. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించింది ఆమె కుట్టి ఇచ్చిన బట్టలనే (అపొ.కార్యములు 9:39). ఆమె చేసిన ప్రసంగం ఒక్కటీ గ్రంథంలో లేదు. సూదీ దారమే ఆమె సాక్ష్యం!

సంఘాలు చెయ్యగలిగినవీ ఉన్నాయి. సాక్ష్యాల సమయంలో వీసా వచ్చినవారిని, రోగం నయమైనవారిని పిలుస్తాం. మంచిదే. రోగం నయం కాకపోయినా ప్రభువును విడవనివారిని, లంచం అడిగే అవకాశమున్నా అడగని గుమస్తాను, పదేళ్లుగా మతిస్థిమితం లేని తమ్ముణ్ని చూసుకుంటున్న అక్కను కూడా ఇష్టపడితే నిలబెట్టి వినాలి. అప్పుడు వెనక బల్ల మీద కూర్చున్న ఎంతమందికి ఊపిరి వస్తుందో! ఇంటి ప్రార్థనను తిరిగి లేపాలి. 2020లో కరోనా వల్ల చర్చిలు మూతపడి, ఆ ఏడు ఏప్రిల్ 12న ఈస్టర్ కూడా ఇళ్లలోనే జరిగింది. తండ్రి బైబిలు చదివితే, పిల్లలు పాట పాడితే, మంచాన ఉన్న నానమ్మ ప్రార్థన చేస్తే ఇల్లే ఆలయమైంది. తలుపులు తెరుచుకున్నాక ఆ ఇంటి బలిపీఠాన్ని చాలామంది మరిచిపోయారు. పది నిమిషాలు చాలు, దాన్ని మళ్లీ కట్టవచ్చు. మన పల్లె సంఘాల్లో పెద్దవాళ్లు ఎరిగిన పిడికెడు బియ్యం అలవాటు కూడా అలాంటిదే. మిజోరంలో 1910లో మొదలైన ఈ అలవాటును అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాలు నేటికీ విడవలేదు. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు దేవుని పనికని పక్కకు తీసిపెడతారు. ఆ పిడికెళ్లే కూడి మిషనరీలను పంపే ధనమయ్యాయి. ఎసరు పెట్టే పొయ్యి దగ్గర రోజుకు రెండుసార్లు దేవుణ్ని గుర్తుచేసుకునే స్త్రీకి వారంలో ఆదివారాలు ఎన్ని? ప్రతి రోజూ ఆదివారమే!

పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో లారెన్స్ అనే సహోదరుడు ఏళ్ల తరబడి వంటశాలలో పనిచేశాడు. స్వతహాగా ఆ పనంటే ఆయనకు ఇష్టం లేదు. అయినా గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిని అనుభవించడం నేర్చుకున్నాడు. 1691లో ఆయన చనిపోయాక ఆయన సంభాషణలు, ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దేశాలు, శాఖలు దాటి నేటికీ లోకం వాటిని చదువుతోంది. ఆయనకు పని మారలేదు. ఆ పనిలో దేవుడు తోడున్నాడని తెలియడంతో ఆయన మారాడు.

కాబట్టి ఈసారి వాగ్దానపు కార్డు మీద యిర్మీయా 29:11 వస్తే సంతోషించండి. ఆ రాత్రే బైబిలు తెరిచి అయిదునుంచి ఏడు దాకా ఉన్న వచనాలు కూడా చదవండి. సగం కట్టి వదిలేసిన గోడ ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. ఒక మొక్క నాటండి. మీ వీధి పేరు పలికి ప్రార్థించండి. డెబ్బై ఏళ్లు పట్టే మేలును కూడా దేవుడు ఒక్కొక్క రోజుగానే ఇస్తాడు. చర్చి గంట ఆదివారమే మోగుతుంది కాని, చర్చిలో మనం ఆరాధించిన దేవుడు సోమవారం ఉదయం మనకన్నా ముందే లేచి మన పని దగ్గర మనకోసం ఎదురుచూస్తూ ఉంటాడు. ఆరు రోజులూ ఆయనతో నడిచేవారికి ఏడో రోజు ఆరాధన అలంకారం కాదు, ఆనందం!